చమురు ఓడలు – సముద్రపు లోతు

తెల్లవారుజామున కృష్ణపట్నం సమీపాన సముద్రపు ఒడ్డున నిలిచి చూచేవారికి రెండు రకాల నావలు కనబడతాయి. ఒకటి పట్టపువారు చేపలవేటకు తీసుకొనిపోయే నావ. పూర్వం అది నాలుగు దుంగలు చేర్చి కట్టిన తెప్ప. ఇప్పుడు చాలచోట్ల దాని స్థానంలో ఫైబరు పడవ వచ్చినది. మోకాటిలోతు నీరు ఉంటే చాలు, అది తేలుతుంది. వేట ముగిసిన తరువాత నలుగురు కలిసి దానిని ఇసుకమీదికి లాగివేస్తారు. రెండవది, దూరాన నీరూ ఆకాశమూ కలిసే చోట కదలకుండా నిలిచిన పెద్ద ఓడ. అది తీరానికి రాదు. దానికి కావలసిన లోతు తీరంలో లేదు. ఎంతో లోతుగా త్రవ్విన రేవు దారి ఉంటేనే అది ఒడ్డును చేరగలదు.

సముద్రంలో తిరిగే ఓడలన్నింటిలో మిక్కిలి పెద్దవిగా పేరుపొందినవి ముడి చమురును మోసే టాంకరులు. వాటి పరిమాణం ఒక శతాబ్దంలో నూరు రెట్లకు పైగా పెరిగినది. ఆ తరువాత పెరగడం ఆగి, కొంత తగ్గినది కూడా. ప్రపంచంలోని టాంకరులన్నీ కలిసి మోయగల బరువు సైతం ఒకప్పుడు పెరిగి, ఒకప్పుడు తరిగి, మళ్ళీ పెరిగినది. ఈ మార్పులు దూరదేశాల వర్తకులకు మాత్రమే సంబంధించిన సంగతులు కావు. కావలికి ఉత్తరాన ఉన్న రామాయపట్నం వద్ద ఒక పెద్ద చమురుశుద్ధి కర్మాగారాన్ని నిర్మించాలని భారత్ పెట్రోలియం సంస్థ తలపెట్టినది. ఆంధ్రప్రదేశ్ తీరాన కట్టబోయే ఈ కర్మాగారపు తొలి పనులకు ఆ సంస్థ పాలకమండలి 2024 డిసెంబరులో అనుమతి ఇచ్చినది. సంవత్సరానికి 90 లక్షల నుండి 120 లక్షల టన్నుల చమురును శుద్ధిచేయాలన్నది సంకల్పం. అంత చమురు ఏ ఓడలలో వస్తుంది? ఎన్ని ఓడలు రావాలి? అవి ఎంత దూరంలో నిలవాలి? ఈ ప్రశ్నలకు జవాబు తెలియాలంటే ఓడ ఎందుకు పెరిగినదో, ఎక్కడ ఆగినదో ముందు తెలుసుకోవాలి.

డబ్బాలనుండి ఓడ పొట్టలోనికి

పూర్వం కిరసనాయిలు రేకు డబ్బాలలో వచ్చేది. రెండేసి డబ్బాలను ఒక కొయ్యపెట్టెలో అమర్చి, ఆ పెట్టెలను మామూలు సరకుల ఓడలో పేర్చేవారు. ఖాళీ డబ్బా తెలుగునాట ఎన్ని ఇండ్లలో నీళ్ళు తోడడానికీ, ధాన్యం కొలవడానికీ ఉపయోగపడినదో పెద్దలకు తెలుసు. అయితే ఓడవాడికి ఈ పద్ధతిలో నష్టం ఉన్నది. డబ్బాల బరువు, పెట్టెల బరువు, వాటి నడుమ వృథాపోయే చోటు—ఇవన్నీ చమురుతోపాటు మోయవలసి వచ్చేది.

చమురును డబ్బాలలో కాక ఓడ పొట్టలోనే నేరుగా పోస్తే ఈ ఖర్చు తప్పుతుంది. కాని ద్రవపదార్థాలకు ఒక దుర్గుణం ఉన్నది. వెడల్పాటి పళ్ళెంలో నీరు పోసి నడిచిచూడండి. పళ్ళెం కొంచెం ఒరిగితే చాలు, నీరంతా ఆ పక్కకే పరుగెత్తి దానిని ఇంకా ఒరగదోస్తుంది. కెరటాల మీద ఊగే ఓడలో ఇదే జరిగితే ఓడ తలక్రిందులు కాగలదు. అదే పళ్ళెంలో నిలువుగా, అడ్డంగా అట్టముక్కలు నిలిపి గదులుగా విభజిస్తే నీరు ఏ గదిలోనిది ఆ గదిలోనే ఉంటుంది. 1886లో ఇంగ్లండులో తయారైన ‘గ్లూక్‌ఔఫ్’ అనే ఓడ ఈ సూత్రం మీదనే నిర్మింపబడినది. దాని పొట్టే చమురుతొట్టి; ఆ తొట్టి గదులుగా విభజింపబడి ఉండేది. నేటి టాంకరులన్నింటికీ మూలరూపం అదే. దానిలో పట్టిన చమురు సుమారు 3,000 టన్నులు. 1892లో ‘మ్యూరెక్స్’ అనే ఓడ సూయెజ్ కాలువగుండా తూర్పుదేశాలకు వచ్చిన మొదటి టాంకరు అయినది. కిరసనాయిలు డబ్బాకు అప్పటినుండి పోటీ మొదలయినది.

ఎనిమిది ఘనాల లెక్క

ఓడను పెద్దది చేస్తే ఏమి లాభం? దీనిని తరగతిలోనే చూపవచ్చును. ఒక్కొక్క సెంటీమీటరు భుజం గల ఎనిమిది కొయ్య ఘనాలను తీసుకోండి. ఒక్కొక్క ఘనానికి ఆరు ముఖాలు. మొత్తం 48 ముఖాలు. ఇప్పుడు ఎనిమిదింటినీ చేర్చి రెండు సెంటీమీటర్ల భుజం గల ఒకే ఘనంగా పేర్చండి. బయటికి కనబడే చిన్న ముఖాలు 24 మాత్రమే. లోపల ఉన్న కొయ్య అంతే, బయటి ముఖాలు సగం. కొలతలను రెట్టింపు చేసినప్పుడు పైవైశాల్యం నాలుగు రెట్లు, ఘనపరిమాణం ఎనిమిది రెట్లు అవుతుందన్న గణితసూత్రానికి ఇది నిదర్శనం.

ఓడకు పైవైశాల్యం అంటే ఉక్కు రేకు. ఘనపరిమాణం అంటే సరకు. పెద్ద ఓడకు రేకు కొంత మందంగా ఉండవలసి వచ్చినా, ఒక్కొక్క టన్ను సరకుకు పడే ఉక్కు తగ్గుతుంది. నీటితో రాచుకొనేది ఓడ పైవైశాల్యమే కాబట్టి, ఒక్కొక్క టన్నుకు కావలసిన ఇంజను బలమూ తగ్గుతుంది. ఓడను నడిపేవారి సంఖ్య ఓడతోపాటు పెరగనవసరం లేదు.

నిజమైన ఓడలలో ఈ సూత్రం ఎంతవరకు నిలుస్తుందో చూద్దాం. రెండవ ప్రపంచయుద్ధకాలంలో అమెరికా ‘టీ-2’ అనే రకం టాంకరులను వందలసంఖ్యలో తయారుచేసినది. ఒక్కొక్కటి సుమారు 16,500 టన్నులు మోసేది. ఇంజను బలం 6,000 అశ్వశక్తి. నేటి అతిపెద్ద తరగతి టాంకరు మూడు లక్షల టన్నులు మోస్తుంది. దాని ఇంజను బలం సుమారు 35,000 అశ్వశక్తి. రెండింటి వేగం ఇంచుమించు ఒకటే. అనగా సరకు 18 రెట్లు పెరిగినది, ఇంజను బలం ఆరు రెట్లు మాత్రమే పెరిగినది. పాత ఓడను నడపడానికి 40 మందికి పైగా కావలసి ఉంటే, కొత్తదానికి 25 నుండి 30 మంది చాలుతున్నారు. ఓడలను పెద్దవి చేయమని ప్రేరేపించినది ఈ లెక్కే.

పొడవుకన్న వెడల్పు ఎక్కువగా పెరిగినది

ఓడ నీటిలో ఎంత లోతు మునుగుతుందో ఆ కొలతను రేవులలో డ్రాఫ్టు అంటారు. టీ-2 ఓడ పొడవు సుమారు 160 మీటర్లు, వెడల్పు 21 మీటర్లు, నిండుగా ఉన్నప్పుడు డ్రాఫ్టు తొమ్మిది మీటర్లు. మూడు లక్షల టన్నుల ఓడ పొడవు సుమారు 330 మీటర్లు, వెడల్పు 60 మీటర్లు, డ్రాఫ్టు 22 మీటర్ల వరకు ఉంటుంది. పొడవు రెండు రెట్లు, డ్రాఫ్టు రెండున్నర రెట్ల లోపు, వెడల్పు మాత్రం దాదాపు మూడు రెట్లు! ఓడను ఎంత పొడవుగానైనా చేయలేరు. కెరటాలమీద అది నడుమ వంగి విరిగే ప్రమాదం ఉన్నది. ఎంత లోతుగానైనా చేయలేరు. అడుగు నేలకు తగులుతుంది. కాబట్టి పెరగవలసిన ఓడ పక్కలకు పెరిగినది.

అయినా 22 మీటర్ల లోతు ఎక్కడబడితే అక్కడ దొరకదు. భారతదేశానికీ శ్రీలంకకూ నడుమనున్న రామసేతువు వద్ద నీరు కొద్ది మీటర్ల లోతు మాత్రమే. అందుచేత పర్షియన్ సింధుశాఖలో చమురు నింపుకొని తూర్పుతీరానికి వచ్చే ఓడలు శ్రీలంకను చుట్టి రావలసిందే. మలయాకూ సుమత్రాకూ నడుమనున్న మలక్కా జలసంధిలో కూడా సుమారు 20 మీటర్లకు మించి మునిగే ఓడకు దారి కష్టం. సూయెజ్ కాలువ 1869లో తెరచినప్పుడు ఎనిమిది మీటర్ల లోతే ఉండేది. ఎన్నోసార్లు త్రవ్వి లోతుచేసిన తరువాత నేడు సుమారు 20 మీటర్ల డ్రాఫ్టు గల ఓడలు దానిగుండా పోగలవు. నిండు సరకుతో కాలువ దాటగల గరిష్ఠపు ఓడ మోసేది లక్షన్నర టన్నులకు కొంచెం ఎక్కువ. మూడు లక్షల టన్నుల ఓడ నిండుగా ఉన్నప్పుడు అందులో పట్టదు.

నెల్లూరు తీరం ఇసుకతీరం. తీరం పొడవునా బకింగ్‌హాం కాలువలో ఒకప్పుడు సరకుల పడవలు తెరచాపలతో, తాళ్ళతో నడిచేవి. వాటికి కొద్ది అడుగుల నీరు చాలేది. 2008లో ప్రారంభమైన కృష్ణపట్నం రేవులో సుమారు 18 మీటర్ల లోతు ఉన్నది. తూర్పుతీరంలో ఇది లోతైన రేవులలో ఒకటి. బొగ్గు తెచ్చే పెద్ద ఓడలు ఇక్కడికి వస్తాయి. అయినప్పటికీ నిండుగా ఉన్న మూడు లక్షల టన్నుల టాంకరుకు ఈ లోతు చాలదు; ఇంకా నాలుగైదు మీటర్లు తక్కువ.

దూరం పెరిగితే ఓడలు చాలవు

ఒక్కొక్క ఓడ పరిమాణం ఒక సంగతి. ఓడలన్నింటి మొత్తం బలం మరొక సంగతి. ఎంత చమురు ఉన్నదన్న దానినిబట్టి మాత్రమే ఎన్ని ఓడలు కావాలో చెప్పలేము. ఎంత దూరం మోయాలన్నది కూడా చూడాలి. నీళ్ళబావి ఇంటివెనుక ఉంటే ఒక కుండతో సరిపెట్టుకోవచ్చును. బావి ఊరిచివర ఉంటే అదే నీటికి రెండు మూడు కుండలు కావాలి.

1956 జూలై 26న ఈజిప్టు ప్రభుత్వం సూయెజ్ కాలువను జాతీయం చేసినది. ఆపైన జరిగిన యుద్ధంలో కాలువ మూసుకొనిపోయి 1957 ఏప్రిల్ వరకు తెరువబడలేదు. పర్షియన్ సింధుశాఖనుండి హాలండులోని రోటర్‌డాంకు కాలువమీదుగా సుమారు 6,400 నావికమైళ్ళు. ఆఫ్రికా దక్షిణాగ్రాన్ని చుట్టిపోతే సుమారు 11,200 నావికమైళ్ళు. గంటకు 15 నావికమైళ్ళు పోయే ఓడ రోజుకు 360 నావికమైళ్ళు పోతుంది. మొదటి దారిన 18 రోజుల ప్రయాణం, రెండవ దారిన 31 రోజులు. రాకపోకలకూ, రేవులలో సరకు ఎక్కించి దింపడానికీ కలిపి లెక్కవేస్తే కాలువ దారిన ఏడాదికి తొమ్మిదిసార్లు పోగల ఓడ చుట్టుదారిన ఐదారుసార్లకు మించి పోలేదు. చమురు ఒక్క చుక్క కూడా పెరగకపోయినా, ఓడలు ఒకటిన్నర రెట్లకు పైగా కావలసి వచ్చినవి.

1967 జూన్‌లో కాలువ రెండవసారి మూతబడినది. ఈమారు 1975 జూన్ వరకు, ఎనిమిది సంవత్సరాలు అది తెరువలేదు. చుట్టుదారి తప్పనప్పుడు కాలువలో పట్టేంత చిన్న ఓడతో పనియేమి? చుట్టుదారిలో లోతుకు కొదువ లేదు. ఇదివరకే మొదలైన పెరుగుదల ఇప్పుడు పరుగందుకొన్నది. 1959 నాటికి లక్ష టన్నులు దాటిన టాంకరు, 1966లో జపానులో తయారైన ‘ఇదెమిత్సు మారు’తో రెండు లక్షలు, 1968లో మూడు లక్షలు దాటినది. 1976లో ఫ్రాన్సులో ఐదున్నర లక్షల టన్నుల ఓడ తయారైనది. అన్నింటినీ మించినది జపానులో నిర్మింపబడి 1979లో సముద్రానికెక్కిన ‘సీవైజ్ జయంట్’. అది మోయగల బరువు 5,64,763 టన్నులు. పొడవు 458 మీటర్లు. నిండితే 24 మీటర్లకు పైగా మునిగేది. 1948లో విశాఖపట్నంలో నీటిలోనికి దింపిన ‘జల ఉష’ మోయగల బరువు సుమారు 8,000 టన్నులు. అటువంటి ఓడలు 70 చేరిస్తే ఒక సీవైజ్ జయంట్!

రొయ్యల గుంటల పాఠం

నెల్లూరు తీరవాసులకు ఒక అనుభవం ఉన్నది. రొయ్యలకు మంచి ధర పలికిన ఏడాది అందరూ గుంటలు త్రవ్వుతారు. త్రవ్వి, నీరు పెట్టి, పిల్లలను వదలి, నాలుగు నెలలకు పంట తీసే వేళకు అందరి సరకూ ఒకేసారి మార్కెట్టుకు వస్తుంది; ధర పడిపోతుంది. ఓడల వ్యాపారంలో జరిగేది ఇదే. తేడా ఏమంటే, రొయ్య పంటకు నాలుగు నెలలు. ఓడ తయారు కావడానికి రెండు మూడు సంవత్సరాలు. పంట అమ్మిన తరువాత గుంటను ఎండబెట్టవచ్చును. ఓడ 20, 25 సంవత్సరాలు బ్రతికి ఉంటుంది.

బాడుగలు బాగున్న 1970–73 సంవత్సరాలలో యజమానులు లెక్కలేనన్ని ఓడలకు ఆర్డరు ఇచ్చినారు. 1973 అక్టోబరులో పశ్చిమాసియా యుద్ధం వచ్చినది. కొద్ది నెలలలోనే చమురు ధర నాలుగు రెట్లయినది. చమురు వాడకం పెరగడం ఆగినది. 1975లో సూయెజ్ కాలువ తిరిగి తెరువబడినది. ఉత్తరసముద్రంలో, అలాస్కాలో యూరప్‌కూ అమెరికాకూ దగ్గరగా చమురు ఉత్పత్తి మొదలైనది. అనగా మోయవలసిన సరకూ తగ్గినది, దూరమూ తగ్గినది. ఆర్డరు ఇచ్చిన ఓడలు మాత్రం వరుసగా వస్తూనే ఉన్నవి. పని దొరకని ఓడలను నార్వేలోని సముద్రపుపాయలలోనూ, గ్రీసు దేశపు అఖాతాలలోనూ లంగరువేసి నిలిపినారు. ఫ్రాన్సులో తయారైన నాలుగు మహానౌకలలో మూడు, పదేళ్ళు తిరిగేసరికి పాత ఇనుముకు అమ్ముడుపోయినవి.

ఐక్యరాజ్యసమితి వర్తక విభాగం వేసిన లెక్కలలో ఈ కథ స్పష్టంగా కనబడుతుంది. ప్రపంచంలోని చమురు ఓడలన్నీ కలిసి మోయగల బరువు 1980లో 33 కోట్ల 90 లక్షల టన్నులు. 1990 నాటికి అది 24 కోట్ల 60 లక్షలకు పడిపోయినది. 2000లో 28 కోట్ల 20 లక్షలు. 2010లో 45 కోట్లు. 2020లో 60 కోట్ల టన్నులు. 1980 నాటి స్థాయికి తిరిగి రావడానికి ఇరువై సంవత్సరాలు కూడా చాలలేదు. ఆ తరువాతి పెరుగుదలకు ముఖ్యకారణం చైనా, భారతదేశం వంటి దేశాలలో చమురు వాడకం పెరగడం.

మొత్తం బలం మళ్ళీ పెరిగినా ఒక్కొక్క ఓడ పరిమాణం మాత్రం పెరగలేదన్నది ఇక్కడ గమనించదగిన విషయం. నేడు దూరప్రయాణపు టాంకరు మూడు లక్షల టన్నుల దగ్గర నిలిచినది. అంతకన్న పెద్దదానికి పోగల రేవులు తక్కువ. ఒక్క సరకును కొనగల వర్తకులు తక్కువ. ప్రమాదం జరిగితే నష్టం ఎక్కువ. ఆదా చేసే ఉక్కుకన్న పోగొట్టుకొనే రేవుల విలువే ఎక్కువయినది. సీవైజ్ జయంట్ 1988లో ఇరాన్–ఇరాక్ యుద్ధంలో బాంబుదాడికి గురియై, బాగుచేయబడి, కొన్నాళ్ళు తిరిగి, చివరకు ఖతార్ వద్ద కదలని చమురుతొట్టిగా ఉండి, 2010లో గుజరాత్‌లోని అలంగ్ తీరాన ముక్కలు చేయబడినది.

దూరం పెరిగితే ఓడలు చాలవన్న సూత్రం ఇటీవల మరల రుజువైనది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం ఆరంభమైన పిమ్మట యూరప్ దేశాలు రష్యా చమురును మానుకొని దూరదేశాలనుండి తెప్పించుకొన్నవి. రష్యా చమురు అంతకన్న దూరమైన భారతదేశానికీ చైనాకూ వచ్చినది. 2021లో భారతదేశపు దిగుమతిలో నూటికి రెండు వంతులు కూడా లేని రష్యా చమురు 2023 నాటికి మూడింట ఒక వంతు అయినది. ఇనుముకు పోవలసిన ముసలి ఓడలకు కొత్త గిరాకీ వచ్చినది. 2023 నవంబరునుండి ఎర్రసముద్రంలో ఓడలపై దాడులు జరగడంతో ఎన్నో ఓడలు మళ్ళీ ఆఫ్రికాను చుట్టిపోవలసి వచ్చినది. పర్షియన్ సింధుశాఖకూ విశాఖకూ నడుమ సూయెజ్ కాలువ లేదు. అయినా ఓడల బాడుగ ప్రపంచమంతటా ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటుంది. చుట్టుదారిన పోయే ఓడ ఇంకొకచోట పనికి దొరకదు. అందుచేత ఎక్కడో దారి మూతబడితే ఇక్కడి బాడుగ కూడా పెరుగుతుంది.

రెండు గోడల ఓడ

పెద్ద ఓడ పగిలితే ప్రమాదమూ పెద్దదే. 1967లో ఇంగ్లండు తీరాన ‘టోరీ కాన్యన్’, 1978లో ఫ్రాన్సు తీరాన ‘అమోకో కాడిజ్’ రాళ్ళకు తగిలి పగిలినవి. రెండవదానినుండి రెండు లక్షల టన్నులకు పైగా చమురు సముద్రంలో కలిసినది. 1989 మార్చి 24న అలాస్కాలో ‘ఎక్సాన్ వాల్డెజ్’ ఓడనుండి కారినది సుమారు 37,000 టన్నులే అయినా, చలిసముద్రంలో పక్షులకూ జలచరాలకూ కలిగిన నాశనం లోకాన్ని కదిలించినది. మరుసటి సంవత్సరమే అమెరికా శాసనం చేసినది. ఇకమీదట టాంకరుకు రెండు గోడలు ఉండాలి. బయటి గోడకూ లోపలి గోడకూ నడుమ రెండు మీటర్ల ఖాళీచోటు ఉండాలి. బయటి గోడ పగిలినా లోపలి గోడ చమురును కాపాడుతుంది. తరువాత ఈ నియమం అన్ని దేశాలకూ వర్తించినది. ఒంటిగోడ ఓడలు క్రమంగా తొలగిపోయినవి.

దీని ఫలితం కొలతలలో తెలుస్తుంది. ఏడు టన్నులకు మించి చమురు కారిన టాంకరు ప్రమాదాలు 1970–79లో సంవత్సరానికి సగటున దాదాపు 80 జరిగేవి. 2010–19లో ఆ సగటు ఆరేడుకు తగ్గినది. ఓడల మొత్తం బలం పెరిగిన కాలంలోనే ప్రమాదాలు ఇంతగా తగ్గడం విశేషం. శాసనమూ, శాస్త్రమూ కలిసి పనిచేస్తే ఏమి సాధించవచ్చునో దీనినిబట్టి తెలియగలదు.

విశాఖ లెక్క, రామాయపట్నం లెక్క

ఆంధ్రతీరంలో ఈ మార్పులను ప్రత్యక్షంగా చూచిన నగరం విశాఖపట్నం. 1957లో అక్కడ కాల్టెక్స్ కంపెనీ నెలకొల్పిన శుద్ధికర్మాగారం సంవత్సరానికి 6 లక్షల 75 వేల టన్నుల చమురును శుద్ధిచేయగలిగేది. 16,000 టన్నుల సరకు తెచ్చే ఓడలైతే ఏడాదికి 42 చాలును. తొమ్మిది రోజులకు ఒకటి. ఆ కర్మాగారం తరువాత హిందూస్థాన్ పెట్రోలియం సంస్థకు చెందినది. విస్తరణల పిమ్మట దాని సామర్థ్యం 150 లక్షల టన్నులకు చేరినది. అదే చిన్న ఓడలతో తెప్పించాలంటే ఏడాదికి 900కు పైగా కావాలి; రోజుకు రెండు మూడు చొప్పున. ఏ రేవూ దానికి తట్టుకోలేదు. 2,70,000 టన్నుల సరకు తెచ్చే పెద్ద ఓడలైతే 56 చాలును.

కాని ఆ పెద్ద ఓడ రేవులోనికి రాలేదు. ఓడ ఒడ్డుకు రాలేనప్పుడు ఒడ్డే ఓడవద్దకు పోవాలి. అందుకు ఇంజనీర్లు కనిపెట్టిన ఉపాయం ఇది: సుమారు 30 మీటర్ల లోతున్న చోట ఒక పెద్ద బోయాను గొలుసులతో సముద్రపు అడుగుకు బిగిస్తారు. ఓడ తన ముక్కును దానికి కట్టుకొంటుంది. గుంజకు కట్టిన ఆవు తాడు పొడవున చుట్టూ తిరిగినట్లు, ఓడ గాలికీ ప్రవాహానికీ అనుగుణంగా బోయా చుట్టూ తిరగగలదు. గాలికి ఎదురొడ్డి నిలవనవసరం లేదు. ఓడనుండి రబ్బరు గొట్టాలద్వారా బోయాకు, అక్కడనుండి సముద్రగర్భంలోని ఉక్కు గొట్టంద్వారా తీరానికి చమురు ప్రవహిస్తుంది. విశాఖవద్ద ఇటువంటి ఏర్పాటు ఉన్నది. 2015లో అక్కడ కొండరాతిని తొలిచి నిర్మించిన భూగర్భ నిలువగదులలో 13 లక్షల 30 వేల టన్నుల చమురు పడుతుంది. విశాఖ కర్మాగారం ఒక్కటే దానిని వాడుకొంటే సుమారు 32 రోజులకు సరిపోతుంది.

ఇక రామాయపట్నం సంగతి. ఏడాదికి 90 లక్షల టన్నులనుకొంటే రోజుకు సుమారు 24,700 టన్నులు. పెద్ద ఓడలైతే పదకొండు రోజులకు ఒకటి, ఏడాదికి 33. 90,000 టన్నుల సరకు తెచ్చే మధ్యరకపు ఓడలైతే ఏడాదికి నూరు. నాలుగు రోజులైనా నిండకముందే ఒకటి రావాలి. పెద్ద ఓడలు కొద్దిసార్లే వస్తాయి. కాని తీరానికి దూరంగా బోయా, గొట్టం కావాలి. చేపలవేట జరిగే నీటిలో కొంతమేర వేటపడవలు పోరాదని కట్టడి చేయవలసి వస్తుంది. చిన్న ఓడలు త్రవ్విన రేవులోనికే రాగలవు. కాని రాకపోకలు మూడు రెట్లవుతాయి. దేనిని ఎంచుకొన్నా లాభంతోపాటు బాధ్యత తప్పదు.

ఈ తీరానికి ప్రత్యేకమైన రెండు విషయాలు ఈ నిర్ణయంలో లెక్కకు రావలసి ఉన్నది. మొదటిది తుఫానులు. అక్టోబరునుండి డిసెంబరు వరకు బంగాళాఖాతంలో తుఫానుల కాలం. 1984 నవంబరులో శ్రీహరికోట వద్ద తీరాన్ని దాటిన తుఫాను నెల్లూరుజిల్లావారికి గుర్తుండే ఉంటుంది. తుఫాను సూచన రాగానే బోయాకు కట్టిన ఓడ విడిపించుకొని నడిసముద్రానికి పోవాలి. పదకొండు రోజులకొక ఓడ వచ్చేచోట ఒక్కటి తప్పినా కర్మాగారం ఆగకుండా ఉండాలంటే ఒడ్డున తగినంత నిలువ ఉండాలి.

రెండవది తీరప్రవాహం. బంగాళాఖాతపు పడమటి అంచున ప్రవహించే నీరు సంవత్సరమంతా ఒకేదిక్కుకు పోదు. ఫిబ్రవరినుండి మే వరకు అది ప్రధానంగా ఉత్తరానికి, అక్టోబరునుండి డిసెంబరు వరకు దక్షిణానికి పోతుంది. కాబట్టి ఈ తీరాన చమురు కారితే అది ఏ ఊరిని చేరుతుందన్నది ఏ నెలలో కారినదన్న దానిమీద ఆధారపడుతుంది. వేసవిలోనైతే ఉత్తరపు వేటపల్లెలవైపు; కార్తీకంలోనైతే దక్షిణాన పులికాట్ సరస్సు సముద్రంతో కలిసే ముఖద్వారాలవైపు. ఫ్లెమింగో పక్షులు వచ్చి మేసే ఆ ఉప్పునీటి సరస్సులోనికి చమురు ప్రవేశిస్తే తిరిగి బయటికి తీయడం మిక్కిలి కష్టం.

ఇది ఊహ మాత్రమే కాదు. 2017 జనవరి 28న పులికాట్‌కు దక్షిణాన, మద్రాసుకు ఉత్తరాన ఉన్న ఎన్నూరు వద్ద రెండు ఓడలు ఢీకొన్నవి. కారినది ఓడ ఇంజనుకు వాడే చిక్కని ఇంధనం. పెద్ద టాంకరు సరకుతో పోల్చితే అది లెక్కలోనికి రానంత స్వల్పం. అయినా అది దక్షిణానికి కొట్టుకొనిపోయి మద్రాసు తీరాన్ని నల్లగా చేసినది. తారువంటి ఆ మడ్డిని మనుషులు బక్కెట్లతో ఎత్తిపోయవలసి వచ్చినది. చేపలు కొనేవారు లేక జాలరులు నష్టపోయినారు.

ఓడ ఎంత పెద్దది కావాలన్నది వర్తకులూ ఇంజనీర్లూ నిర్ణయిస్తారు. ఎక్కడ ఆగాలన్నది సముద్రపు లోతు నిర్ణయిస్తుంది. అది తెచ్చే మేలుకీడులను అనుభవించేవారు మాత్రం తీరంలోని ప్రజలు. వారి పిల్లలు చదివే పాఠశాలలో ఉపాధ్యాయుడు బంగాళాఖాతపు పటాన్ని గోడకు తగిలించి, ఎనిమిది ఘనాలను బల్లపై పేర్చి, ఒక చిన్న లెక్క ఇవ్వవచ్చును: రామాయపట్నం కర్మాగారం 90 లక్షల టన్నులకు బదులు 120 లక్షల టన్నులు శుద్ధిచేస్తే ఎన్ని రోజులకొక ఓడ రావాలి? తుఫాను వల్ల ఓడ పదిరోజులు ఆలస్యమైతే ఒడ్డున ఎంత చమురు నిలువ ఉండాలి? రేపు ఈ తీరంలో బోయా ఎక్కడ ఉండాలో, వేటపడవలకు దారి ఎక్కడ వదలాలో చర్చ జరిగినప్పుడు, ఈ లెక్క చేయగలిగినవారి మాటకు విలువ ఉంటుంది.